ఒకరోజు వెనక్కి జరిగిన పుట్టినరోజు

డాలస్‌లో రాత్రి పదిన్నర అయితే హైదరాబాద్‌లో పొద్దున తొమ్మిది. వేసవిలో మా రెండు టీమ్‌లకూ మాట కుదిరే వేళ అదే. ఆ రాత్రి అటునుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది.

"అన్నా, పుట్టిన తేదీ ఒకరోజు వెనక్కి చూపిస్తోంది. ఆగస్టు 15న పుట్టినాయనకి 14 అని వస్తోంది."

నా మెషీన్‌లో చూశాను. 15 అనే ఉంది. అదే కోడ్, అదే డేటాబేస్, అదే రికార్డు. "ఇక్కడ బానే ఉందమ్మా, మీ డేటా ఒకసారి చూసుకోండి" అన్నాను. మర్నాడూ అదే మాట అన్నాను. నా మాట నమ్మి ఆమె రెండు రోజులు లేని తప్పు కోసం వెతికింది. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అది ఆరోగ్య బీమా సాఫ్ట్‌వేర్. పుట్టిన తేదీ కలవకపోతే ఆసుపత్రిలో ఉన్న మనిషి క్లెయిమ్ ఆగిపోతుంది.

మూడో రాత్రి ఆమె తన స్క్రీన్ చూపిస్తూ ఒక్కో మెట్టూ దించింది. డేటాబేస్‌లో 15. జావాలోకి వచ్చాక కూడా 15. బ్రౌజర్‌కి వెళ్లే జేసన్‌లో 14.

పాత జావాలో 'డేట్' అనే టైప్ ఉంది. పేరుకే తేదీ, లోపల దాచుకునేది ఒక క్షణం: 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన మిల్లీసెకన్లు. డేటాబేస్‌లోని తేదీని అది ఆ మెషీన్ టైమ్‌జోన్‌లో అర్ధరాత్రిగా తీసుకుంటుంది. జేసన్ రాసే జాక్సన్ లైబ్రరీకి ఫార్మాట్ యానోటేషన్‌లో టైమ్‌జోన్ చెప్పకపోతే యూటీసీ లెక్కన రాస్తుంది. డాలస్ అర్ధరాత్రి యూటీసీలో అదే రోజు తెల్లవారుజాము. హైదరాబాద్ అర్ధరాత్రి మాత్రం ముందురోజు సాయంత్రం ఆరున్నర. గంటలు తీసేసి తేదీ ఒక్కటే రాస్తే మిగిలేది 14. నేనున్న చోట ఆ తప్పు ఎన్నాళ్లు చూసినా కనబడదు.

యానోటేషన్‌లో టైమ్‌జోన్ చేరిస్తే ఆ పూటకి గడిచేది. అంతే చాలన్నారు కూడా. నాకు మనసొప్పలేదు. అమ్మ నా పుట్టినరోజు తిథి ప్రకారం చేస్తుంది. తిథి ఒక క్షణాన మొదలై మరో క్షణాన ముగుస్తుంది. అందుకే ఒక్కోసారి పండగ ఇండియా కంటే ఒకరోజు ముందే డాలస్‌కి వస్తుంది, ఏ ఊరి పంచాంగం ఆ ఊరికి గుణించుకోవాలి. సర్టిఫికెట్ మీది పుట్టిన తేదీకి ఆ పని లేదు. దానికి గంటా లేదు, ఊరూ లేదు. ఏ దేశంలో విమానం దిగినా అది మారకూడదు. సరిగ్గా అలాంటి తేదీ కోసమే 2014లో జావా 8 'లోకల్‌డేట్' తెచ్చింది.

టైప్ మార్చాం. సర్వర్ లేవలేదు. ఫీల్డ్ నెత్తిన పాత 'టెంపొరల్' యానోటేషన్ అలాగే ఉండిపోయింది. అది డేట్, క్యాలెండర్ టైప్‌లకే చెల్లుతుందంటూ, జావాని డేటాబేస్‌తో కలిపే హైబర్నేట్ లైబ్రరీ మొరాయించింది. ఆ ఎర్రర్ చూసి నిజంగా ఊపిరి పీల్చుకున్నాను. ఏ ఫీల్డో, తప్పేమిటో పేరు పెట్టి చెప్పింది. జేసన్‌లో పోయిన రోజు గురించి మాకు ఏ లాగ్‌లోనూ ఒక్క ముక్క దొరకలేదు.

ఆ లైను తీసేశాం. ఆమె ఒక టెస్ట్ రాసింది. ప్రతి బిల్డ్‌లోనూ అది రెండుసార్లు నడుస్తుంది, ఒకసారి హైదరాబాద్‌కి వర్తించే ఆసియా కోల్‌కతా టైమ్‌జోన్‌లో, ఇంకోసారి డాలస్‌కి వర్తించే అమెరికా షికాగోలో. అందులో మొదటి రికార్డు ఆ ఆగస్టు 15దే.