కృష్ణానగర్ నుంచి ప్రివ్యూ థియేటర్ దాకా

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి ఇటు యూసుఫ్‌గూడ వైపు దిగితే కృష్ణానగర్, అటు గుట్టల వైపు వెళ్తే ఫిల్మ్‌నగర్. తెల్లవారుజామున కృష్ణానగర్ రోడ్డు మీద జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, మేకప్ అసిస్టెంట్లు భుజాన బ్యాగులతో షూటింగ్ వ్యాన్ల కోసం నిలబడి ఉంటారు. ఇడ్లీ బండి చుట్టూ గుంపు. "ఇవాళ పనుందా అన్నా" అని ఫోన్లో అడిగే గొంతులు. ఎండెక్కేసరికి వ్యాన్లు వెళ్లిపోతాయి, పని దొరకనివాళ్లు గదులకు మళ్లుతారు. గదికి నలుగురైదుగురు. ఫిల్మ్‌నగర్ ఆఫీసుల్లో వినిపించే కథల్లో చాలా భాగం ఈ గదుల్లోనే పుడుతుంది.

అలాంటి ఒక గదిలో, మూడో అంతస్తులో, ఓ యువతి తన తొలి సినిమాను తానే ఎడిట్ చేసుకుంటోంది. పేరు వేయొద్దని ముందే చెప్పింది. నల్లగొండ జిల్లా పల్లె. అసిస్టెంట్ డైరెక్టర్‌గా పనిచేసింది, షార్ట్ ఫిల్ములు తీసింది. ఇప్పుడీ పూర్తి నిడివి సినిమా షూటింగ్ అయిపోయింది. సినిమా మొత్తం ఒక హార్డ్‌డిస్క్‌లో ఉంది. దాని నకలు ఊళ్లో వాళ్లమ్మ బీరువాలో ఉంది.

ఆమె లెక్కల పుస్తకం చూపించింది. ఎడమ పేజీలో అయిన ఖర్చులు: కెమెరా అద్దె, లెన్సులు, లొకేషన్ సౌండ్, యూనిట్ భోజనాలు, డీజిల్, బేటాలు. ప్రతి పద్దు పక్కనా టిక్కు. కుడి పేజీలో కావలసినవి: ఫోలీ శబ్దాలు, రీరికార్డింగ్, మిక్సింగ్, రంగులు సరిదిద్దే డీఐ, సెన్సార్, థియేటర్లకు డిజిటల్ ఛార్జీలు, పోస్టర్లు. ఆ పేజీలో ఒక్క టిక్కూ లేదు.

"షూటింగ్‌కు పైసలు ఎట్లనో ఒకట్ల దొరికినయ్ అన్నా. దోస్తులు ఇచ్చిన్రు, చిట్టీ ఎత్తిన, మా అక్క గొలుసు కుదువబెట్టినం. షూటింగంటే కండ్లముంగట కెమెరా ఉంటది, ఇచ్చినోళ్లకు నమ్మకముంటది. ఇప్పుడు మిక్సింగ్‌కు ఇయ్యుమంటే ఎవరికి అర్థమైతది?"

చిన్న సినిమా ఎక్కువగా ఆగిపోయేది ఈ కుడి పేజీ దగ్గరే. సినిమా తీయడం అసాధ్యమేమీ కాదని పదిహేనేళ్లుగా షార్ట్ ఫిల్ములు తీస్తున్న కుర్రకారు నిరూపించారు. తీసిన సినిమా తెరమీదికి రావడం మాత్రం ఇప్పటికీ కష్టమే. థియేటర్‌కు సినిమాను అందించే డిజిటల్ సంస్థల ఛార్జీలు సినిమా పెద్దదా చిన్నదా అని చూడవు. 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు ఈ ఛార్జీల మీదే పోరాడి కొత్త సినిమాల విడుదల ఆపేశారు. పెద్ద నిర్మాతలకే భారమైన ఖర్చు, గొలుసు తాకట్టు పెట్టిన కుటుంబానికి ఎంత భారమో వేరే చెప్పక్కర్లేదు.

సాయంత్రం ఫిల్మ్‌నగర్ వెళ్లాం. ఫిల్మ్ ఛాంబర్ భవనం, కొండమీద దైవసన్నిధానం, రామానాయుడు స్టూడియో. దారి పొడవునా ఆఫీసుల బోర్డులు. మద్రాసు నుంచి తెలుగు సినిమా తరలి రావాలని పట్టుబట్టి అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ మొదలుపెట్టిన 1970లలో ఇక్కడ ఎటు చూసినా రాళ్లగుట్టలే. ఆ తర్వాత ప్రభుత్వం స్థలాలిచ్చింది, రాయితీలిచ్చింది, పరిశ్రమ నిలదొక్కుకుంది. సినిమాకు ప్రజల సొమ్ముతో చేయూతనివ్వడం ఈ గుట్టలకు కొత్త కాదు. అది ఇప్పుడు ఎవరికి అందాలన్నదే ప్రశ్న.

చిన్న సినిమాల జాతకం తేలేది ప్రివ్యూ థియేటర్లలో. పెద్దమనిషి ఒకరు వచ్చి కూర్చుంటారు. దర్శకుడు వెనక వరసలోనో తలుపు పక్కనో నిలబడతాడు. తెరను కాకుండా చూస్తున్నవారి తలనే చూస్తుంటాడు, ఎక్కడ కదిలింది, ఎక్కడ ఫోన్ వెలిగింది అని. దీపాలు వెలిగాక ఆ పెద్దమనిషి నోటినుంచి వచ్చే ఒక మాటతో సినిమా విడుదలైనా అవుతుంది, హార్డ్‌డిస్క్‌లోనే మిగిలిపోయినా పోతుంది.

'కేరాఫ్ కంచరపాలెం' కథ ఇక్కడ అందరికీ కంఠస్థం. వెంకటేష్ మహా దర్శకుడు. విశాఖలోని కంచరపాలెం వాళ్లనే, ఎన్నడూ కెమెరా ముందుకు రానివాళ్లను, ఎనభై మందికి పైగా నటింపజేశాడు. డబ్బు పెట్టింది అమెరికాలో వైద్యురాలైన పరుచూరి విజయప్రవీణ. అందులో సలీమా పాత్రా ఆమెదే. సినిమా నటుడు రానా దగ్గుబాటి కంట పడింది. సురేష్ ప్రొడక్షన్స్ సమర్పణలో 2018 సెప్టెంబర్ 7న విడుదలైంది. సరిగ్గా అదే రోజు ఫణీంద్ర నర్సెట్టి 'మను' కూడా వచ్చింది. అది జనం తలా కొంత వేసుకున్న క్రౌడ్ ఫండింగ్ డబ్బుతో తీసిన సినిమా. ఒకే శుక్రవారం, రెండు కొత్త దారులు. అంతకు రెండేళ్ల ముందు తరుణ్ భాస్కర్ 'పెళ్లిచూపులు'కు కూడా సురేష్ ప్రొడక్షన్స్ అధినేత సురేష్‌బాబు అండ దొరికాకే థియేటర్లు దొరికాయి. తర్వాత ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. రాజ్ రాచకొండ 'మల్లేశం', ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం జీవితకథ, 2019లో ఇదే వరసలో ప్రేక్షకుల దాకా వచ్చింది.

ఈ చేయూతకు చేతులెత్తి మొక్కాలి. రానా తన స్పిరిట్ మీడియా ద్వారా, కాన్‌లో గ్రాండ్ ప్రి గెలిచిన పాయల్ కపాడియా 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్'ను 2024లో మన దేశంలో విడుదల చేశాడు. 2025 మే నెలలో రాజ్ రాచకొండ '23' సినిమాకు అండగా నిలబడ్డాడు. చుండూరులో దళితుల ఊచకోత, చిలకలూరిపేట బస్సు దహనం, 1997లో ఇదే రామానాయుడు స్టూడియో దగ్గర 20 మందికి పైగా ప్రాణాలు తీసిన కారుబాంబు. ఈ మూడు నేరాలను పక్కపక్కన పెట్టి, శిక్ష అందరికీ ఒకేలా ఎందుకు పడలేదని ఆ సినిమా అడుగుతుంది. స్టూడియో గేటు ముందు నడుస్తుంటే ఆ ప్రశ్న వెంట వస్తుంది. ఇలాంటి సినిమా ఫిల్మ్‌నగర్ ఆఫీసులో కథగా వినిపిస్తే ఎంతమంది చివరిదాకా వినేవారు?

కానీ మంచితనం ఒక వ్యవస్థ కాదు. ఫలానావారు చూశారు కాబట్టి ఈ సినిమాలు బతికాయి. ఫలానావారి దగ్గరికి చేరని సినిమాల పేర్లు మనకు తెలియవు, తెలిసే దారీ లేదు. చేరడానికి ఎవరో ఒకరు తెలిసి ఉండాలి, రాత్రి పదింటికి ఆఫీసులో కూర్చుని కథ చెప్పగలగాలి, నెలల తరబడి అద్దె కట్టుకుంటూ ఎదురుచూడగలగాలి. ఆడపిల్లకు, దళిత కుటుంబం నుంచి వచ్చినవాడికి, అడవి అంచు గూడెం నుంచి వచ్చినవాడికి ఈ మూడూ ఒకేసారి కుదరడం అరుదు.

తెలుగులో దర్శకత్వం చేసిన తొలితరం స్త్రీల చరిత్ర చూస్తే ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. 1953లో 'చండీరాణి' తీసిన భానుమతికి సొంతంగా భరణి సంస్థ ఉంది. అత్యధిక చిత్రాల దర్శకురాలిగా 2002లో గిన్నిస్‌కెక్కిన విజయనిర్మల వెనక కుటుంబ నిర్మాణ సంస్థలున్నాయి. సావిత్రి 1968లో ఎక్కువమంది మహిళలతోనే 'చిన్నారి పాపలు' తీసింది. అంతటి మహానటి కూడా ఆ సినిమాతో నష్టమే చూసింది. సొంత బేనర్ లేని ఆడపిల్లకు దారి ఎప్పుడూ ఇరుకే. నందినీ రెడ్డి, సుధ కొంగర వంటివారు ఆ దారిలోంచే వచ్చారు. వారి పేర్లను ఇప్పటికీ వేళ్ల మీద లెక్కపెట్టే పరిస్థితి ఉండటం బాధాకరం.

కరుణకుమార్ 'పలాస 1978' తీసి కులం గురించి సూటిగా మాట్లాడితే, 2020లో తమ్మారెడ్డి భరద్వాజ సమర్పకుడిగా నిలబడ్డారు. మళ్లీ ఒక మనిషి, ఒక మంచి మనసు.

ఇంకో ఆధారం డాలరు. నగేష్ కుకునూర్ అమెరికా ఇంజనీరు ఉద్యోగంలో కూడబెట్టిన డబ్బుతో 'హైదరాబాద్ బ్లూస్' తీసి 1998లో దేశంలో స్వతంత్ర సినిమాకే ఊపు తెచ్చాడు. రజనీష్ దోమలపల్లి 'వనజ'ను కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎంఎఫ్ఏ థీసిస్‌గా తీశాడు. మమత భూక్యా అనే కొత్తమ్మాయి కథానాయిక. 2007లో బెర్లిన్‌లో ఉత్తమ తొలిచిత్రం పురస్కారం అందుకుంది. విజయప్రవీణ వైద్యవృత్తి సంపాదన సరేసరి. మన స్వతంత్ర సినిమాకు చాలాకాలంగా ఫైనాన్షియర్ అమెరికా జీతమే. విదేశంలో బంధువు గానీ స్నేహితుడు గానీ లేనివాళ్లు ఆ జాబితాలో ఉండరు.

ప్రభుత్వ తలుపులు అసలు లేవని కాదు. రవీంద్రభారతిలోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్‌లో తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ 2016లో 'సినివారం' మొదలుపెట్టింది. అప్పటి శాఖ సంచాలకుడు మామిడి హరికృష్ణ ఆధ్వర్యంలో శనివారం సాయంత్రాలు కొత్తవాళ్ల చిన్న చిత్రాలు వేసి, తీసినవారితో మాట్లాడించేవారు. అక్కడ తెర ఎక్కడానికి ఎవరి సిఫార్సూ అవసరముండేది కాదు. ఎందరో కుర్రాళ్లు తమ సినిమాను మొదటిసారి తెరమీద, తెలియని మనుషుల మధ్య చూసుకున్నది అక్కడే. పెట్టిన ఖర్చు తక్కువ, ఇచ్చిన ధైర్యం ఎక్కువ. 2025 జూన్‌లో గద్దర్ పేరిట రాష్ట్ర చలనచిత్ర అవార్డులూ మొదలయ్యాయి. అయితే అవార్డు సినిమా పూర్తయ్యాక వస్తుంది. కృష్ణానగర్ గదిలోని అమ్మాయికి కావలసింది అంతకుముందే. రాష్ట్ర ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ఛైర్మన్ దిల్ రాజు 2025లోనే 'దిల్ రాజు డ్రీమ్స్' పేరుతో కొత్తవాళ్ల కోసం సొంత వేదిక ప్రారంభించారు. 'బలగం'తో వేణు యెల్దండిని దర్శకుడిగా నిలబెట్టిన సంస్థ ఆయనదే. అదే చొరవ కార్పొరేషన్ చేతుల మీదుగా, ప్రజల నిధితో వస్తే దాని బలం వేరు.

కేరళ ఆ పని చేసి చూపించింది. అక్కడి ప్రభుత్వ ఫిల్మ్ కార్పొరేషన్ మహిళా దర్శకుల కోసం, తర్వాత ఎస్సీ, ఎస్టీ దర్శకుల కోసం సినిమాకు కోటిన్నర చొప్పున ఇస్తోంది. దరఖాస్తు పెట్టాలి, స్క్రిప్టు చూపాలి, ఎంపికైతే కార్పొరేషనే నిర్మాత. తారా రామానుజన్ 'నిషిద్ధో', మినీ ఐజీ 'డివోర్స్', శ్రుతి శరణ్యం 'బి 32 ముతల్ 44 వరె' అలా వచ్చాయి. 2025 ఆగస్టులో తిరువనంతపురం ఫిల్మ్ కాన్‌క్లేవ్‌లో దర్శకుడు అదూర్ గోపాలకృష్ణన్ ఈ మొత్తాన్ని ఒకరికే ఇవ్వకుండా ముగ్గురికి 50 లక్షల చొప్పున పంచాలని, ముందు శిక్షణ ఇవ్వాలని అన్నారు. గట్టి నిరసన వచ్చింది. కోట్లు పోగొట్టిన పెద్ద దర్శకుడికి లేని శిక్షణ దళిత దర్శకుడికే ఎందుకు అన్న ప్రశ్న న్యాయమైనదే.

శిక్షణ అన్నమాట వస్తే మన జహీరాబాద్ పక్కనున్న పస్తాపూర్ చూడాలి. పి.వి. సతీష్ నడిపిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో సేద్యం చేసుకునే ఆడవాళ్లు, ఎక్కువమంది దళితులు, చాలామందికి చదువు రాదు, వీడియో కెమెరా పట్టారు. పాఠం వాళ్ల బతుకులోంచే తయారైంది. పైనుంచి కిందికి చూసే షాట్‌కు పటేల్ షాట్ అని, కిందనుంచి పైకి చూసేదానికి బానిస షాట్ అని, కళ్లకు సమంగా పెట్టేదానికి సంఘం షాట్ అని పేర్లు పెట్టుకున్నారు. 2003లోనే వరంగల్ బీటీ పత్తి రైతుల గోడు చిత్రంగా తీశారు. వాళ్ల చేతికి కెమెరా ముందు వచ్చింది, మెళకువలు పని చేస్తూ చేస్తూ వచ్చాయి.

"నాకు దానం వద్దన్నా," అంది ఆ యువతి, ఫిల్మ్‌నగర్ నుంచి తిరిగొచ్చాక కేరళ సంగతి చెబితే. "అసొంటి ఫారం ఈడ ఏ ఆఫీసుల ఇస్తరో చెప్పుండ్రి, నేనే పోయి నింపిస్త."

ప్రస్తుతానికి ఆమె చూపు గోవా మీద ఉంది. అక్కడ జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ (ఎన్ఎఫ్‌డీసీ) 2007 నుంచి ఏటా నడుపుతున్న ఫిల్మ్ బజార్‌లో, పూర్తికాని సినిమాలను చూసి సలహాలిచ్చే వర్క్ ఇన్ ప్రోగ్రెస్ ల్యాబ్ ఉంది. రఫ్ కట్ పంపాలి. దానికి ముందు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ వేయాలి. సినిమాలో మాటలన్నీ వాళ్ల ఊరి యాసలోనే ఉన్నాయి. పక్కగదిలో ఉండే ఓ కుర్రాడు పగలు డబ్బింగ్ స్టూడియోలో పనిచేసి, రాత్రిళ్లు వచ్చి ఆమె పక్కన కూర్చుని ఆ పని చేస్తున్నాడు. సగం రీళ్లయ్యాయి.