ఆన్ ఆర్బరులో నొక దినము

మా యన్నగారు అమెరికాలోని మిషిగను రాష్ట్రమున నోవై పట్టణమందు కాపుర ముందురు. బడికి వేసవి సెలవు లీయగా మేము దంపతుల మిరువురమును వారింటికి బోయితిమి. అప్పు డా యింట నొక విచారము నడచుచుండెను.

మా మేనకోడలు పరుగుపందెములలో నేర్పరి. దూరరాష్ట్రమందలి విశ్వవిద్యాలయ మొకటి, తమ జట్టులో చేరినచో జీతములో సగము తామే భరింతుమని వ్రాసినది. సమీపమున నున్న చిన్న కళాశాల ఆటకై యేమియు నీయదు గాని, మార్కులనుబట్టి యించుమించుగా నంతే సాయము చేయుదు మన్నది. వారములో ప్రత్యుత్తర మీయవలెను. "ఈ దేశపు కళాశాలలలో ఆట యన నెట్టిదో ముందు చూడుడు, పిమ్మట మాటలాడుదము" అని యన్నగారు మమ్ము అరగంట ప్రయాణములో నున్న ఆన్ ఆర్బరునకు తీసికొనిపోయిరి.

హ్యూరను నదియొడ్డున చెట్లనీడల నున్న యూరది. 1817 లో డెట్రాయిటున స్థాపింపబడిన మిషిగను విశ్వవిద్యాలయము 1837 లో నిచటికి వచ్చినది. మొదట క్రీడారంగమును చూచితిమి. 1927 లో తెరచిన యా కట్టడము చాలవరకు నేలను త్రవ్వి కట్టినది గావున వెలుపలివారి కంత పెద్దదిగా తోపదు. లోపల 1,07,601 మందికి చోటు గలదు! ఆ రంగమును చూచుచుండగా కురుకుమారుల యస్త్రవిద్యా ప్రదర్శనము మాకు జ్ఞప్తికి వచ్చెను. అట్టి రంగముననే కదా సుయోధనుడు కర్ణున కంగరాజ్య మిచ్చినది! ఆ బహుమాన మాతనిని కడవరకు బంధించినది.

పిమ్మట న్యాయశాస్త్ర గ్రంథాలయమునకు బోయితిమి. ఎత్తైన కప్పు, పొడవైన బల్లలు. పుటలు త్రిప్పు చప్పుడు దక్క వేరొండు లేదు. డయాగ్ అను మైదానమున నేలలో పొదిగిన యిత్తడి 'ఎమ్' అక్షరమును మొదటి పరీక్షకు ముందు త్రొక్కినవారు తప్పుదురని విద్యార్థులు చెప్పుకొందురట. పుస్తకమునకు కాలు తగిలిన కన్నుల కద్దుకొను మన పిల్లలను తలచి నవ్వుకొంటిమి.

1936 లో కట్టిన గంటల గోపురము చెంత కూర్చుండగా మేనకోడలు సంగతు లన్నియు విప్పి చెప్పినది. విద్యాసంస్థలలో స్త్రీపురుష భేదము చూపరాదను శాసనము 1972 లో వచ్చినది. అది లేనిచో ఆడపిల్ల కిట్టి లేఖ వచ్చుట దుర్లభము. సాధన వారమునకు 20 గంటలు మించరాదు గాని, పందెములకు బోవు ప్రయాణకాల మా లెక్కలో చేరదు. 1973 మొదలు ఈ వేతనములు ఏటేటికి నిచ్చునవిగా నుండెను. 2012 నుండి పలుయేండ్లకు కలిపి యిచ్చుట కనుమతి కలిగినది గాని, అట్లే యీయవలెనను నిర్బంధము లేదు.

"నిరుడు మోకాలు బెణికి రెండు నెలలు కుంటినది. మరల బెణికిన నేమగును?" అని వదినగా రడిగిరి. అన్నగారు మాటాడలేదు. పదియేండ్లుగా వేకువనే లేచి బిడ్డను మైదానమునకు తీసికొనిపోయినది వారే. వారికా లేఖ ధనము కాదు, ఆ శ్రమకు ఫలము. మేము కర్ణుని ముచ్చట చెప్పగా పిల్ల నవ్వి, "కర్ణుడు షరతు లడుగలేదు అత్తా! నే నడిగెదను" అన్నది.

ఆ రాత్రియే శిక్షకురాలికి మూడు ప్రశ్నలు వ్రాసినది: ఈ సాయ మెన్నియేండ్లకు? గాయపడి పరుగెత్తలేనిచో నిలుచునా? ప్రయోగశాల పాఠమును సాధనయు నొకే వేళకు వచ్చిన నేది విడువవలెను? మూడవనాడు మర్యాదగా జవాబు వచ్చినది. కాగిత మొక్కయేటికే, పై సంగతి ఏటేట నిర్ణయింతురు, పాఠమునే వేరొక వేళకు మార్చుకొనవలెను.

పిల్ల చిన్న కళాశాలనే యెన్నుకొన్నది. అచటను పరుగుజట్టు కలదు. కాలు నిలిచినను నిలువకున్నను చదువు నిలుచును. సోదరీమణులారా! క్రీడావేతనము నిరాకరింపవలసిన దని మేమనము. నాలుగేండ్లకును వ్రాసి యిచ్చియుండినచో మేమే యక్షింతలు వేసి పంపియుందుము. బిడ్డ సంతకము చేయుటకు ముం దా మూడు ప్రశ్నలు నడిగించుడు. అంతియే మా మనవి.

అన్నగా రా రాత్రి సరిగా భుజింపలేదు. మరునాటి వేకువ మేము లేచి చూచునప్పటికి వారు యథాప్రకారము కారు వాకిట నిలిపి బిడ్డకై వేచియుండిరి.