పాత భూతం, మా ఊరి బోరు

కాలేజీ సంచికకు సంపాదకత్వం వహించడమంటే నలుగురి చేతా తిట్లు తినడమే. నిరుడు మాత్రం నన్ను నేనే తిట్టుకోవలసి వచ్చింది. ఆ వైనం చిత్తగించండి.

నేను నల్లగొండలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. మర్రిగూడ వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి కథ తెచ్చి ఇచ్చింది. ఊళ్లో కొత్తగా వేసిన బోరులోంచి నీళ్లతోపాటు ఒక భూతం పైకి వస్తుంది. తాగినవాడి ఒంట్లో చేరి, వాడి రూపంతోనే తిరుగుతుంది. ఎవరు మనిషో, ఎవరు భూతమో పక్కవాడికి తెలియదు. ఆ రాత్రి దాహం వేసినా లేచి నీళ్లు తాగడానికి జంకాను. అయినా మర్నాడు కథ తిప్పి ఇచ్చేశాను.

"ఇది 1982లో జాన్ కార్పెంటర్ తీసిన 'ది థింగ్' కదమ్మా! అంటార్కిటికా మంచు తీసేసి బోరు పెట్టావు, అంతేగా?" అన్నాను.

"సినిమా చూసింది నిజమే సార్. గానీ భయం మా ఇంటిదే" అని తల వంచుకుని వెళ్లిపోయింది.

ఈ సంగతి ఇంట్లో చెబితే పదో తరగతి చదివే మా అబ్బాయి పకపకా నవ్వాడు. "కార్పెంటర్ మాత్రం సొంతంగా పుట్టించాడా నాన్నా?" అంటూ వంశవృక్షం విప్పాడు. దాని మూలం 1938లో క్యాంప్‌బెల్ రాసిన కథట. 1951లో దాన్ని 'ది థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్' పేర సినిమా తీస్తూ, రూపం మార్చే సంగతి వదిలేశారట. కార్పెంటర్‌కి ఆ పాత చిత్రమంటే ఎంత మమకారమంటే, తన 'హాలోవీన్' (1978)లో పిల్లలు టీవీలో చూసేది దాన్నే! నాలుగేళ్ల తరవాత ఆ కథను తానే తీస్తూ, రూపం మార్చే భూతాన్ని తిరిగి తెచ్చాడు.

"వెల్స్ 1895లో రాసిన కాలయంత్రాన్ని సింగీతం శ్రీనివాసరావుగారు 'ఆదిత్య 369' (1991)లో రాయలవారి కొలువుకు నడిపించలేదా? పరదేశపు జాంబీలను ప్రశాంత్ వర్మ 2021లో 'జాంబీ రెడ్డి' పేరుతో రాయలసీమ ఫ్యాక్షన్ నడుమ దించలేదా?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. వ్యాసుడి భారతాన్ని తెనిగించిన నన్నయను ఆదికవి అని ఏటేటా పాఠం చెప్పేది నేనే గదా!

ఆదివారం నాడు కథ అడిగి తెచ్చుకుందామని వాళ్ల ఊరు వెళ్లాను. తలుపు తీసింది వాళ్ల నాయనమ్మ. నడుం సగానికి వంగిపోయి ఉంది. నా ముఖం చూడాలంటే మెడ పక్కకు తిప్పాలి.

నల్లరాతి పొరల్లోంచి భూగర్భజలంలోకి దిగే ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు. కాచినా పోదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకల్లో చేరుతుంది. అచ్చం మంచినీళ్ల రూపంలోనే ఇల్లు చొరబడే భూతం!

"నల్లల కృష్ణనీళ్లు వచ్చినయి సారూ, నా నడుమే తిరిగి రాలే" అంది ముసలమ్మ, నవ్వుతూనే.

కథ అచ్చయింది. "పాత సినిమా చూసి రాసినానని కింద వెయ్యండి సార్" అని ఆ అమ్మాయే అడిగింది. వేశాను. ప్రూఫు దిద్దేటప్పుడు ఆ పంక్తి పక్కన ఇంకో రెండు మాటలు తన చేత్తోనే చేర్చింది: "నాయనమ్మను చూసి".

వాటిని నేను దిద్దలేదు.