పీలికలు బొంతలైన ఊరు

పిల్లలూ! చలికాలంలో కప్పుకునే అతుకుల బొంతను ఎప్పుడైనా పరీక్షగా చూశారా? ఒక మూల అమ్మమ్మ పాత చీర, ఒక మూల తాతయ్య పంచె, మరొక మూల మీకు పొట్టిదైపోయిన చొక్కా కనిపిస్తాయి. ఇటువంటి బొంతలవల్లనే పేరు తెచ్చుకున్న పల్లెటూరు ఒకటి అమెరికాలో ఉన్నది. దాని పేరు జీస్ బెండ్. అక్కడికి పోయి వద్దాం, రండి!

అమెరికా దక్షిణభాగంలో అలబామా అనే రాష్ట్రం ఉన్నది. అందులో అదే పేరుగల నది ఒకచోట పెద్ద వంపు తిరుగుతుంది. ‘బెండ్’ అంటే వంపు. ఆ వంపులో, మూడు వైపులా నీరు చుట్టి ఉన్న నేలమీద ఈ ఊరు ఉన్నది. 1816లో జోసెఫ్ జీ అనే ఆసామి ఇక్కడ పత్తి సాగు ప్రారంభించాడు. 1845లో ఆ భూములు మార్క్ పెట్‌వే అనే అతని చేతికి వచ్చాయి. పొలాల్లో చాకిరీ చేసినవారు ఆఫ్రికా సంతతి బానిసలు. నేటికీ ఊళ్ళో చాలామంది ఇంటిపేరు పెట్‌వేయే. అది వారి పూర్వుల పేరు కాదు, యజమాని పేరు!

1865లో బానిసత్వం పోయింది గాని, పేదరికం పోలేదు. వారు కౌలుకు పత్తి పండించేవారు. ఒంటికి మాత్రం మంచి బట్ట ఉండేది కాదు. 1932లో వారికి అప్పులిచ్చిన వర్తకుడొకడు చనిపోగా, అతని తరఫువారు వచ్చి పశువులనూ, ధాన్యాన్నీ, నాగళ్ళనూ బాకీకింద పట్టుకుపోయారు. ఇళ్ళ గోడలు చెక్కలవి. సందుల్లోనుంచి చలిగాలి రాకుండా లోపల వార్తాపత్రికలు అంటించుకునేవారు. అటువంటి ఇంట్లో పిల్లలు రాత్రి వెచ్చగా పడుకోవాలంటే బొంతలే దిక్కు. చిరిగిన పనిబట్టలూ, పిండిసంచులూ, ఏవీ పారవేసేవారు కారు.

ఆ ఊరి ఆడవారిలో చాలామంది బొంతగుడ్డను కత్తెరతో కత్తిరించేవారు కారు. అంచున చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో పట్టి చర్రున చింపేవారు. మన బట్టలకొట్లలోనూ ఇలా చేయటం మీరు చూసే ఉంటారు. గుడ్డ కొలిచి, కత్తెరతో గాటు పెట్టి, ఒక్క లాగు లాగితే ఈ చివరినుంచి ఆ చివరికి గీత గీసినట్టు చినిగిపోతుంది. ఇది ఎలా జరుగుతుంది?

నేతగుడ్డలో నిలువుగా సాగే దారాలు పడుగు. అడ్డంగా నడిచేవి పేక. గుడ్డను చింపేటప్పుడు మన చేతుల బలమంతా చిరుగు కొసన ఉన్న ఒకటి రెండు దారాలమీదనే పడుతుంది. అవి తెగగానే బలం పక్క దారంమీదికి పోతుంది. వందల దారాలను ఒక్కసారిగా తెంచలేని చెయ్యి, ఒకదాని తరువాత ఒకటిగా అన్నిటినీ తెంచేస్తుంది. ఇలా చిరుగు ఒకే దారం వెంబడి పోతుంది గనుక పక్కకు తప్పదు. ఉతికి ఉతికి వంకరపోయిన పాతగుడ్డను కంటి అంచనాతో కత్తిరిస్తే ఆ ముక్క తిన్నగా ఉన్నట్టే కనిపించి, మళ్ళీ ఉతికాక మెలిక తిరగవచ్చు. చింపిన పీలికకు ఆ భయం తక్కువ.

కావాలంటే మీరే పరీక్ష చేయండి. అమ్మనడిగి ఒక పాత నూలుగుడ్డ తీసుకోండి. పెద్దల చేత గాటు పెట్టించి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపండి. తరువాత ఐమూలగా చింపబోండి. చిరుగు మీరు చెప్పిన దారిన పోక, పడుగు వెంటనో పేక వెంటనో తిరిగిపోతుంది! పాత బనీను తీసుకుంటే అది సాగుతుందేగాని తిన్నగా చినగదు. ఎందుకంటే అది పడుగూ పేకా వేసి నేసింది కాదు; ఉచ్చులు ఉచ్చులుగా అల్లినది.

చింపటంలో చిక్కులు కూడా లేకపోలేదు. అంచున పోగులు వేలాడతాయి, గుడ్డ కొంచెం సాగి ముడతపడుతుంది. అందుచేత ఇస్త్రీ చేసి, కుట్టు కాస్త లోపలికి వేయాలి. చొక్కా మెడవంటి గుండ్రని భాగానికి మాత్రం కత్తెర తప్పదు.

1942లో ఈ ఊళ్ళో మిస్సోరీ పెట్‌వే అనే ఆమె ఒక బొంత కుట్టింది. ఆమె భర్త చనిపోయాడు. అతను పొలంలో తొడుక్కున్న చొక్కాలూ లాగులూ మిగిలాయి. భర్త జ్ఞాపకంగా వాటినే బొంత చేసి కప్పుకోవాలని ఆమె అనుకున్నది. లాగు కాలు కింద సన్నం, పైన వెడల్పు. దాన్ని సమానమైన పీలికలుగా చేయాలి. కూతురు ఆర్లోన్జియా తల్లి పక్కన ఉండి, తండ్రి బట్టలు చింపిపెట్టింది. ఎండకూ చెమటకూ వెలిసిపోయిన ఆ రంగులు బొంతలో అలాగే ఉన్నాయి.

జీస్ బెండ్‌కు ఎదుటి ఒడ్డున కామ్డెన్ అనే పట్టణం ఉన్నది. పడవ ఎక్కితే కాసేపట్లో చేరవచ్చు. రోడ్డున చుట్టిపోతే సుమారు 40 మైళ్ళు. ఓటర్ల జాబితాలో పేర్లు చేర్చమని నల్లజాతివారు కామ్డెన్ పోవటం మొదలుపెట్టేసరికి, 1962లో ఆ పడవను ఆపేశారు. ఊరివారు బెదరలేదు. 1965లో మార్టిన్ లూథర్ కింగ్ వచ్చి వారితో మాట్లాడాడు. 1966లో ఆ ప్రాంతపు స్త్రీలు కలిసి ‘ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ’ అనే సహకార సంఘం పెట్టుకుని, బొంతలు కుట్టి అమ్మి సొంతంగా డబ్బు సంపాదించారు.

2002లో జీస్ బెండ్ బొంతలను హ్యూస్టన్ నగరపు లలితకళల మ్యూజియంలోనూ, ఆ తరువాత న్యూయార్కులోనూ గోడలకు వేలాడదీసి ప్రదర్శించారు. మంచంమీద పరచుకున్న బొంతలను చిత్రకారుల పటాలతో సమానంగా చూసి జనం ఆశ్చర్యపడ్డారు. 2006లో అమెరికా తపాలాశాఖ వాటి బొమ్మలతో పది బిళ్ళలు వేసింది. ఆ ఏడే, 44 సంవత్సరాల తరువాత, కామ్డెన్ పడవ మళ్ళీ నడిచింది. 2019లో దానికి డీజిల్ ఇంజన్లు తీసి విద్యుత్తు మోటార్లు అమర్చారు.

పిల్లలూ, మీ ఇంట్లో బొంత ఉంటే ఈ రాత్రి కప్పుకునే ముందు ఒకసారి పరచి చూడండి. ఏ ముక్క ఎవరి బట్టలోదో అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి. ఆమె చెప్పే కథ ఏ పుస్తకంలోనూ దొరకదు!