ఇంఫాల్ కొండల్లో ఇనుప సీతాఫలాలు

మా తాతగారు రెండో ప్రపంచయుద్ధంలో బర్మా సరిహద్దున వంతెనలు కట్టే దళంలో పనిచేశారు. తిరిగి వస్తూ రేకుపెట్టెలో ఆయన తెచ్చినవాటిలో మూడే మా ఇంట్లో మిగిలాయి: ఒక కంబళి, ఒక మగ్గు, గళ్ళుగళ్ళుగా అచ్చం సీతాఫలంలా ఉండే ఇనుప కాయ ఒకటి. "అది ఉత్త డొల్ల, పేలే సరంజామా నేనే తీసేశాను" అనేవారట తాతగారు. ఆ ధైర్యంతో మా నాయనమ్మ ఏటా సంక్రాంతి బొమ్మలకొలువులో మట్టి మామిడిపండు పక్కన దాన్నీ పెట్టేది. పేరంటానికి వచ్చిన పిల్లలు అది ఎత్తలేక నవ్వుకునేవారు.

2019 డిసెంబరులో ఒక సాహిత్య సదస్సుకని ఇంఫాల్ వెళ్ళాను. సదస్సు రెండు రోజులు. మూడో రోజు నాది. తాతగారి కొండలు చూద్దామని బయల్దేరాను.

ఊరికి దక్షిణంగా టిడ్డిం రోడ్డు మీద, నంబోల్ దగ్గర మైబామ్ లోక్‌పా చింగ్ అనే చిన్న గుట్ట ఉంది. 1944 మేలో ఇక్కడ జపాను సైనికులకూ, బ్రిటిష్ పక్షంలోని దళాలకూ హోరాహోరీగా పోరు జరిగింది. 'ఎర్రకొండ' అన్న పేరు కూడా దీనికి ఉంది. గుట్ట పాదాన 2019 జూన్‌లో శాంతి మ్యూజియం తెరిచారు. ఇదే రోడ్డున ఇంకా ముందుకు పోతే మొయిరాంగ్. ఆజాద్ హింద్ ఫౌజు 1944 ఏప్రిల్ 14న జెండా ఎగరేసింది అక్కడే. ఇటు పోరాడిందీ భారతీయులే, అటు పోరాడిందీ భారతీయులే. మా తాతగారు ఎందుకు యుద్ధం కబుర్లు చెప్పేవారు కారో అక్కడ నిలబడితే కొంత బోధపడింది.

ఆ సాయంత్రం ఒక మిత్రుడు నన్ను యుద్ధకాలపు వస్తువులు సేకరించే ఒక యువకుని ఇంటికి తీసుకుపోయాడు. అరమీద వరసగా ఇనుప కాయలు! ప్రతిదానికీ ప్రక్కన రంధ్రం తొలిచి ఉంది. నిపుణులు మందు తీసేసి, ఖాళీ అని తేల్చినవే ఇంట్లో పెడతాడట.

"ఇది మిల్స్ బాంబు సార్" అంటూ ఒకటి నా చేతికిచ్చాడు. బర్మింగ్‌హామ్‌కు చెందిన విలియం మిల్స్ 1915లో రూపొందించినది. మొదటిది 5వ నంబరు, తర్వాత 23, 1918లో 36. పైనున్న గళ్ళు ముక్కలుగా పగలడానికని అందరూ అనుకుంటారుగాని, అవి చేతిపట్టు జారకుండా ఉండటానికట. నంబరు తెలియాలంటే కాయను తిరగేసి అడుగుబిళ్ళ చదవాలి. నంబరు, చేసినవారి గుర్తు, సంవత్సరం దానిమీదే పోతపోసి ఉంటాయి. '36' పక్కన 'ఎం' అని ఉంటే మెసొపొటేమియా అన్నమాట. అక్కడి వాతావరణానికి లోపలి మందు చెడకుండా కాయకు లక్కపూత పూశారు. లక్క మన దేశపు సరుకే కదా!

రెండోది జపానువారి 97వ రకం, 1937 నాటిది. దీనికి మిల్స్ బాంబుకున్నట్టు పక్కన మీట ఉండదు. పిన్ను తీసి, తలను ఇనుపటోపీకో మరో గట్టి వస్తువుకో కొట్టి విసిరేవారు. నాలుగైదు సెకన్లలో పేలేది. దీనికి అన్నలాంటిది 91వ రకం. రెండూ చూడటానికి ఒకటే. అడుగున మరచుట్ల రంధ్రం ఉంటే 91, లేకపోతే 97.

నాకు ఉత్సాహం వచ్చింది. "మా ఇంట్లోనూ ఒకటుంది. 36వ నంబరే అయివుంటుంది. అడుగుబిళ్ళ తుప్పుపట్టి బిగిసిపోయింది" అన్నాను గర్వంగా.

అతని మొహంలో నవ్వు పోయింది. "రంధ్రం ఉందా సార్?"

"లేదు."

"ఇంట్లో పిల్లలున్నారా?"

అప్పుడతను విడమరచి చెప్పాడు. పేల్చే గొట్టాన్ని విడిగా ఉంచి, వాడబోయే ముందు అడుగునుంచి అమర్చేవారట. ఆ గొట్టం తీసినంత మాత్రాన కాయ ఖాళీ అయినట్టు కాదు. మందు వేరే గదిలో ఉంటుంది. అది డెబ్భై ఏళ్ళయినా చావదు. బరువునుబట్టి, రంగునుబట్టి తేల్చడం తనవల్ల కూడా కాదన్నాడు.

వీధిలోకి వచ్చి తమ్ముడికి ఫోను చేశాను. "ఒరేయ్, కొలువుపెట్టె జోలికి ఎవరూ వెళ్ళకండి. పిల్లల్ని తీసుకుని పక్కింటికి పో. పోలీసులకు చెప్పు" అన్నాను.

"అన్నయ్యా, నీకేమైనా మతి పోయిందా?" అన్నాడు వాడు. అయినా నా గొంతు విని చెప్పినట్టే చేశాడు.

మర్నాడు బాంబుల నిపుణులు వచ్చి దాన్ని ఇసుకలో పెట్టి పట్టుకుపోయారు. ఊరి బయట పేల్చేశారు. తాతగారు అబద్ధమాడలేదు, పేల్చే గొట్టం నిజంగానే లేదు. కాని మందు నిండుగా ఉంది! అన్నేళ్ళ సంక్రాంతులు, అంతమంది పిల్లలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన సైన్యం కూడా ఈ 36వ నంబరునే చాలాకాలం వాడింది. దాని స్థానంలో కొత్తరకం గ్రెనేడ్లను 2021లో అందుకుంది. కాబట్టి ఇలాంటి కాయ ఏ పెట్టె అడుగునైనా ఉండవచ్చు. మీ ఇంట్లో కనబడితే విప్పకండి, కడగకండి, చేత్తో పట్టుకుని స్టేషనుకు తీసుకుపోకండి. ఉన్నచోటే వదిలి కబురు చేయండి.

2020 సంక్రాంతి కొలువులో ఆ ఖాళీ చోట మా మరదలు మట్టి సీతాఫలం ఒకటి పెట్టింది. మా చిన్నది దాన్ని ఒక్కచేత్తో ఎత్తి, "ఇది తేలిగ్గా ఉందే!" అని ఆశ్చర్యపోయింది.