ఇస్త్రీ బండి దగ్గర అచ్చులు

మా వీధి చివర ఇస్త్రీ బండి కుర్రాడికి వినబడదు. మూడేళ్ళుగా మా ఇద్దరి భాష ఒక్కటే: బట్టల మూట అందించడం, వేళ్ళతో లెక్క చూపించడం, తల ఊపడం. ఈమధ్య నాకే సిగ్గేసి, వారం రోజులు వీడియోలు చూసి సైగల అక్షరాలు ప్రాక్టీస్ చేశా. గొప్పగా వెళ్ళి నా పేరు చేసి చూపిస్తే ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి మరీ నవ్వాడు. ఫోన్‌లో టైప్ చేసి చూపించాడు: అది అమెరికా వాళ్ళదట, ఒంటి చేత్తో చేసేది. మనది రెండు చేతులది.

నా ఎడమ చెయ్యి పట్టుకుని తనే నేర్పాడు. బొటనవేలి కొస ముట్టుకుంటే ఏ, చూపుడువేలు ఈ, మధ్యవేలు ఐ, ఉంగరంవేలు ఓ, చిటికెనవేలు యూ. ఇంగ్లీషు అచ్చులన్నీ వేళ్ళ కొసల్లోనే ఉన్నాయి, ఇన్నాళ్ళూ తెలీలేదు!

ఇంకోటి. 'నీ పేరేంటి' అనాలంటే 'ఏంటి' చివర్లోనే వస్తుంది, అచ్చం మన తెలుగులాగే. కానీ ఆ అడగడం కనుబొమల్లో కూడా కనబడాలట. నాదేమో చెక్కమొహం, అక్కడే తంటా.

ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం వాళ్ళు 2021లోనే 10 వేల పదాల వీడియో నిఘంటువు తెచ్చారు. నేర్చుకోవాలనుకుంటే అక్కడ మొదలుపెట్టండి, నాలాగా అమెరికా చుట్టి రాకుండా.

అన్నట్టు, ఆ కుర్రాడు నాకో సైగ పేరు పెట్టాడు. జారిపోయే కళ్ళజోడు ఒక వేలితో పైకి తోసుకోవడం, అదీ నేను.