అడవిదారిలో ముక్కాలిపీట

క్రిందటి సంవత్సరము మా ఇంటికి జీపు వచ్చినప్పుడు సంతోషించినవారికంటె నవ్వినవారే ఎక్కువ. "కూరగాయల బజారుకు పోవడానికి నాలుగు చక్రాలకూ బలం కావాలటమ్మా?" అని ఇరుగుపొరుగువారు పరిహసించిరి. వారి మాటలో అసత్యము లేదు. రాజమహేంద్రవరము వీథులలో తిరుగుటకు సామాన్యమైన కారు చాలును. కాని మావారికి చిన్ననాటినుండి అడవిదారులమీద మక్కువ. పిల్లలకు క్రొత్తబండి యనిన మఱేమియు నక్కరలేదు. డెబ్బదిరెండేండ్ల మా అత్తగారు మాత్రము బండిచుట్టు ఒకమారు తిరిగి చూచి, "ఇది బండా, ఏనుగా? దీన్ని నేనెలా ఎక్కేదిరా అబ్బాయీ?" అనిరి. మఱునాడు ఆమెయే ఉపాయము కనుగొనిరి. వంటింటిలోని ముక్కాలిపీట తెచ్చి బండిప్రక్కన వేయించి, దానిమీద కాలుమోపి సులభముగా ఎక్కిరి. నాటినుండి ఆ పీట జీపులోనే ఉండెను.

సోదరీమణులలో కొందఱికి ఈ బండి మర్మము తెలియకపోవచ్చును గనుక రెండు మాటలు చెప్పెదము. ఈ జాతి బండ్లు 1941 నుండి అమెరికా సైన్యమునకై విరివిగా తయారయినవి. మన దేశమున మహీంద్రావారు 1947లో వీనిని కూర్చుట ప్రారంభించిరి. సామాన్యమైన కారులో ఇంజను బలము రెండు చక్రములకే చేరును. ఆ రెండును బురదలో జారినచో మిగిలిన రెండును చేయునదేమియు లేదు. జీపులో వేరొక మీట కలదు. దానిని మార్చినచో ముందుచక్రములును వెనుకచక్రములును కలసి లాగును. ఇంకొక మెట్టు కూడ కలదు. దానిని లో రేంజి యందురు. అందు బండి తిరగలివలె మెల్లగా కదలును గాని బలము మిక్కుటమగును. నిట్టదిగుడున ఈ మెట్టుననే దింపవలెను. బ్రేకునే నమ్ముకొని అదేపనిగా త్రొక్కినచో అది వేడెక్కి పట్టు సడలును. అయితే ఎండిన తారురోడ్డుమీద మా బండివంటి దానికి నాలుగు చక్రములను కలుపరాదు. మలుపులలో ముందుచక్రములు నడచు దూరము వేఱు, వెనుకచక్రములు నడచు దూరము వేఱు. రెంటిని బిగించి నడపినచో యంత్రమునకు చేటు. బలమున్నంత మాత్రమున అన్నిచోట్ల వాడరాదని ఆ యంత్రమే మాకు చెప్పుచుండెను. మేము ఆ మాట విన్నవారము కాము.

కార్తీకమాసములో ఒక ఆదివారము తెల్లవాఱుజామున పులిహోర, దద్దోజనము, మంచినీళ్లు, రెండు దుప్పట్లు సర్దుకొని అయిదుగురము బయలుదేరితిమి. గోకవరము దాటి, రంపచోడవరము మీదుగా మారేడుమిల్లి చేరునప్పటికి సుమారు 85 కిలోమీటర్లు నడచితిమి. మంచు ఇంకను విడలేదు. బొంగు చికెన్ అమ్మువారు అప్పుడే పొయ్యిలు రాజవేయుచుండిరి. అచ్చట అటవీశాఖవారివద్ద పేర్లు వ్రాయించి, అనుమతి గైకొని, తారురోడ్డు విడిచి ఒక మట్టిదారి పట్టితిమి. తొమ్మిది కిలోమీటర్ల పైన ఒక వాగును, ఆ వాగు దాటినచో గడ్డికొండయు ఉన్నవని వినియుంటిమి. ముందు రెండు దినములు వాన కురిసియుండుటచే దారి నానియుండెను. మావారు మీట మార్చిరి. బండి గుఱ్ఱుమని నాలుగు కాళ్లతో నేలను పట్టుకొని ఎగబ్రాకుచుండగా పిల్లలు చప్పట్లు చఱచిరి. చక్రములనుండి బురద ఎగిరి అద్దములపై పడినప్పుడెల్ల మేమును నవ్వితిమి.

ఆ దారిని ఎంత వర్ణించినను తనివి తీరదు. ఇరుప్రక్కల వెదురుపొదలు పైన కలసికొని పందిరివలె నుండెను. నడుమనడుమ మద్దిచెట్లు, ఇప్పచెట్లు, గెలలు వ్రేలాడు జీలుగుచెట్లు. కొండవాలున పోడుచేలలో కంది ఏపుగా ఎదిగియుండెను. ఈ ప్రాంతమున కొండరెడ్లు నివసింతురు. మామిడిటెంకలలోని జీడిని దంచి, నానవేసి, దాని వగరు పోగొట్టి, అంబలి కాచి కఱవుదినములు గడపుకొనువారని మా అత్తగారు పిల్లలకు చెప్పుచుండిరి. మనము పెరటిలో పాఱవేయు టెంకతో వారు ఆకలి తీర్చుకొందురు.

మావారు దారుల కథ చెప్పిరి. 1882లో మదరాసు అటవీచట్టము వచ్చి పోడుసేద్యమునకు అడ్డుపడెను. పిమ్మట దొరతనమువారు మన్యములో దారులు వేయించుటకు కొండవాండ్రచేత చాలీచాలని కూలికి బలవంతముగా పనిచేయించిరి. 1922లో అల్లూరి సీతారామరాజుగారి నాయకత్వమున చెలరేగిన పితూరీకి ఆ బాధయు ఒక కారణము. ఆ యేటి ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడులు జరిగెను. "కొండవాళ్లు రాళ్లు మోసి వేసిన దారులమీదే దొరల బండ్లు నడిచాయి" అని మావారనిరి. మేము విని జాలిపడితిమి. మా బండి ఎవరి దారిమీద నడచుచున్నదో యని మాత్రము తలంపలేదు.

పదకొండు గంటలకు వాగు ఎదురయ్యెను. మావారు దిగి కఱ్ఱతో లోతు చూచిరి. మోకాలిబంటి. ఆవలిగట్టున దారి గడ్డికొండమీదికి పోవుచుండెను. ఇంతలో అడ్డాకుల మోపు నెత్తిన పెట్టుకొని ఒక ముసలి కొండరెడ్డి వచ్చి నిలిచెను.

"బాబూ, నీళ్ల రంగు చూసినావా? పొద్దున తేటగా ఉండె. ఇప్పుడు ఎర్రబారింది. ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తన్నాయి. పైకొండమీద వాన పడతంది. ఇక్కడ ఎండే ఉంటది, వాగు మాత్రం వచ్చేస్తది."

"మోకాలిలోతు నీళ్లు ఈ బండికి లెక్క కాదు తాతా" అని మావారు నవ్విరి.

"దాటడం దాటతావులే బాబూ. తిరిగి రావద్దా?"

ఆ మాటకు మాలో ఎవ్వరమును బదులు పలుకలేకపోతిమి. పిల్లలు మాత్రము "దాటుదాం నాన్నా" అని గోల చేసిరి. మావారి చేయి మీటమీదనే యుండెను. ఇన్నాళ్లు దాచుకొన్న ముచ్చట ఇరువది గజముల దూరమున నున్నది గదా. చివరకు మా అత్తగారు, "పెద్దాయన చెప్పాక ఇంకా ఆలోచన దేనికిరా? తిప్పు బండి" అనిరి. మావారు ముఖము ముడుచుకొని బండి త్రిప్పి, చెట్టునీడను నిలిపిరి. పిల్లలు అన్నము ముట్టమనిరి. అరగంట గడచినదో లేదో, వాగు హోరు మాఱెను. ఇందాక కఱ్ఱ గ్రుచ్చిన రాయి కనబడలేదు. రెండడుగుల లోతున వడిగా పాఱు నీరు పెద్ద బండ్లను సైతము తేల్చి ఈడ్చుకొనిపోగలదు. చక్రము నేలను తాకనప్పుడు నాలుగింటి బలమైనను, రెంటి బలమైనను ఒక్కటియే.

ఆ హోరులోనే మనుష్యుల మాటలు వినవచ్చెను. వాగుకు ఈవలి ప్రక్కనున్న కాలిబాటవెంట నలుగురు మగవారు దిగివచ్చుచుండిరి. ఇద్దఱి భుజములమీద వెదురుబొంగు. బొంగునకు దుప్పటి ఉయ్యాలవలె కట్టియుండెను. దానినే డోలీ యందురు. లోపల నిండుచూలాలు. వెంట ఆమె తల్లియు, సంచి తగిలించుకొనిన ఆశా కార్యకర్తయు ఉండిరి. సూర్యోదయముననే గూడెము విడిచిరట. సెల్‌ఫోను పలుకు బండమీదికి ఎక్కి 108కి కబురు చేసిరట. 2005లో మన రాష్ట్రమున ఆ సేవ మొదలయిన నాటినుండి ఎందఱో తల్లులను కాపాడిన బండి యది. కాని ఈ బురదలో పైకి రాలేదు.

"అమ్మా, తారు రోడ్డు దాకా దించితే చాలు. బండి అక్కడికి వస్తుంది" అని ఆశా కార్యకర్త చేతులు జోడించెను.

చేతులు జోడించినందుకు మాకు సిగ్గు కలిగెను. మా జీపు వెనుక ఎదురెదురుగా రెండు బల్లలు కలవు. దుప్పట్లు పఱచితిమి. మా అత్తగారు మాటలాడక ముక్కాలిపీట దింపి బండిప్రక్కన వేసిరి. ఆ చిన్నది నొప్పితో వణకుచు, ఒక చేయి తల్లిమీద, ఒక చేయి మా అత్తగారిమీద వేసి, పీటమీద కాలుమోపి ఎక్కెను. పందొమ్మిదేండ్లకు మించియుండవు. ఆమె పెనిమిటి ముందు కూర్చుండెను. మా అత్తగారు ఆమె తల తమ ఒడిలో పెట్టుకొనిరి. ఇఁక చోటు లేదు. మేమును, పిల్లలును, తక్కిన మువ్వురు మోతగాండ్రును నడచివత్తుమని చెప్పితిమి. మావారు లో రేంజిలో, నడచునంత మెల్లగా బండిని దింపుకొనిపోయిరి. అంత జాగ్రత్తగా బండి నడపుట మేమెన్నడును చూడలేదు.

నాలుగు కిలోమీటర్ల దిగువనున్న గూడెమువఱకు మేము కాలినడకన దిగితిమి. ఉదయము నవ్వుచు ఎక్కిన దారియే యది. కాని అప్పుడు కనబడనిది ఇప్పుడు కనబడెను. మా చక్రములు నానిన నేలను కోసి జానెడు లోతు గాడులు చేసియుండెను. వానిలో నీరు నిలిచెను. గాడిలో కాలు పెట్టినచో పాదము కూరుకొనిపోవును. గట్టుమీద పెట్టినచో జాఱును. మా చిన్నది రెండుమార్లు పడెను. డోలీ మోసినవారిలో ఒకడు ఆమెను లేవనెత్తి, "ఆదివారాలు బండ్లు శానా వస్తాయమ్మా. వానలో వచ్చి పోతే దారి ఇట్టా అయిపోద్ది. డోలీ మోసేటప్పుడు కాలు నిలవదు" అనెను. అతని మాటలో నిష్ఠూరము లేదు. నిష్ఠూరము లేకుండుటయే మాకు ఎక్కువ నొప్పి కలిగించెను. అతని భుజమున బొంగు ఒరసిన చోటు ఎఱ్ఱగా కందియుండెను. చప్పట్లు చఱచిన మా పిల్లలు తలలు వంచుకొని, గాడులను తప్పించుకొనుచు నడచిరి. మేము వేడుకకు పాడుచేసిన దారియే వారికి ప్రాణము దక్కించుకొను దారి.

గూడెములో ఒక అవ్వ మాకు మంచము వాల్చి నీళ్లిచ్చెను. మా పులిహోర అందఱమును పంచుకొని తింటిమి. ప్రొద్దు వాలువేళకు జీపు తిరిగివచ్చెను. 108 బండి సమయమునకే అందెననియు, తల్లిని ఆసుపత్రికి చేర్చిరనియు మావారు చెప్పిరి. మా అబ్బాయి బండిలోనికి తొంగిచూచి, "మామ్మా, పీట ఏదీ?" అని అడిగెను.

"ఆ బండి మెట్టు కూడా ఎత్తేరా నాయనా. దిగేటప్పుడు ఆ పిల్లకు కావాలి కదా, ఇచ్చేశాను" అని ఆమె అనిరి.

దిగినవారు మరల ఎక్కుటెట్లు? మేము తలపోయుచుండగనే గూడెములోని ఆడువారు ఒక దుంగను దొర్లించుకొనివచ్చి బండిప్రక్కన వేసి, మా అత్తగారికి చెఱియొక వైపున చేయి అందించిరి.

మఱునాటి ఉదయము ఆశా కార్యకర్త ఫోను చేసెను. ఆడపిల్ల కలిగెనట; తల్లీబిడ్డలు క్షేమమట. మా ఇంట పాయసము వండుకొంటిమి. కాని మేము చేసినది గొప్ప యని ఎవరైన అనినచో ఒప్పుకొనలేము. ఆ దినము మేము అచ్చట నుండుట దైవికము. ముసలివాని మాట వినక వాగు దాటియుండినచో ఆవలిగట్టున చిక్కుకొని, ఈవల డోలీ పోవుచుండగా చూచుచుండెడివారము. రేపటి డోలీకి ఏ జీపును ఎదురుపడకపోవచ్చును. వారికి కావలసినది బాటసారుల దయ కాదు. అన్ని ఋతువులలో నిలుచు దారి.

సోదరీమణులారా, అడవికి పోవలదని మేము చెప్పము. పిల్లలకు వెదురునీడను, వాగుహోరును చూపవలసినదే. అయితే వాన వెలిసి దారి ఆరువఱకు మట్టిబాటలమీదికి బండిని తోలవలదు. అనుమతి లేనిచోటికి పోవలదు. నీళ్ల రంగు మాఱినచో లోతు చూడకయే వెనుకకు మరలుడు. త్రాడు, దీపము, దుప్పటి, మందులపెట్టె ఉంచుకొనుడు. స్థానికులు చెప్పు మాటను బండి అమ్మినవారి మాటకంటె ఎక్కువగా నమ్ముడు. అన్నిటికంటె ముఖ్యముగా, బండిలో ఒకరికి చోటు మిగిల్చి పోవుడు.

మేము ఇప్పుడును అడవికి పోవుచుందుము. ఎండకాలమున, దారి గట్టిపడిన పిమ్మట. వడ్రంగిచేత క్రొత్త ముక్కాలిపీట చేయించితిమి. అది జీపులోనే యుండును.